చాబీ ఉన్నోడు తాళం పగలగొడ్తడా?

ఈ సంగతి రాయాల్నా వద్దా అని శానా రోజులు ఆలోచించిన. ఉత్త కారు పోయిన కతే అయితె ఎప్పుడో రాసేటోన్ని. ఇందుల నా తప్పు గూడ ఉంది. తప్పు చేసినోడు తన తప్పును తనే రాసుకునుడు కష్టం. అందుకే లేటయింది.

2022 నవంబర్ నెల. ఫజర్ నమాజ్‌కు లేచి దర్వాజ తీసిన. గల్లీల కారు లేదు. రాత్రి వేప చెట్టు కింద పెట్టిన జాగల నాలుగు ఎండుటాకులు, రెండు చుక్కల నూనె మరక. అంతే. నిద్ర మబ్బుల ఇంకెక్కడన్నా పెట్టిన్నేమో అని గల్లీ చివరి దాక నడిచి చూసొచ్చిన. మస్జిద్ నుంచి వచ్చే ఇద్దరు బుజుర్గులను అడిగిన. వాళ్లు నా మొకం దిక్కు చూసి, "సబ్ర్ కరో బేటా" అన్నరు. అప్పుడర్థమయింది, పోయిందని.

మాది పాత వ్యాగనార్. 2011 మోడల్. ఏపీ 24 నంబర్. టీఎస్ 05 రాక ముందు నల్లగొండ బండ్లన్నిటికి ఏపీ 24 ఉండేది, పాలమూరు బండ్లకు ఏపీ 22. అబ్బా రిటైరైన పైసలల్ల కొంత తీసి సెకండ్ హ్యాండ్ల కొన్నడు. కొన్ననాడే మమ్ముల నందర్ని ఎక్కించుకొని జాన్‌పహాడ్ దర్గాకు తీస్కపోయి ఫాతెహా ఇప్పిచ్చి తీసుకొచ్చిండు. అబ్బా ఇంతకాల్ అయినంక అది నా చేతికొచ్చింది. దాని అసలు పని ఒక్కటే. వారానికి రెండుసార్లు అమ్మీని డయాలసిస్‌కు తీస్కపోవుడు, తీస్కొచ్చుడు. ఆ రోజు గూడ అమ్మీకి డయాలసిస్ ఉంది.

ఆటో పిలిచిన. అమ్మీ ఆటోల ముడుచుకొని కూసొని, ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడ కండ్లు మూసుకుంట, "పోనీ బేటా, జాన్ కా సద్ఖా" అన్నది. ఆమె ఆ మాట అన్న కొద్దీ నాకు కోపం పెరిగింది. ఎవని మీదనో తెల్వని కోపం. ఎవడో ఒకడు దొరికితె బాగుండు అనిపించే కోపం. నన్ను పాడు చేసింది ఆ కోపమే.

ఆస్పత్రి నుంచి సీదా ఠాణాకు పోయిన. ఏ ఠాణానో, అక్కడ ఎవరున్నరో పేర్లు రాయను. వాళ్ల పని వాళ్లు చేసిండ్రు, అడగాల్సిందే అడిగిండ్రు.

"కారుకు తాళాలు ఎన్ని?"

"రెండు."

"రెండూ నీ దగ్గరే ఉన్నయా?"

ఉన్నయి. గని అందుల ఒకటి కొత్తది. రెండో చాబీ ఎక్కడనో పోతే, రెండు నెల్ల కిందనే చేయించిన.

"ఎవరు చేసిండ్రు?"

హైదరాబాద్ రోడ్డుల ఒక ఉస్తాద్ ఉన్నడు. అంబాసిడర్ల కాలం నుంచి ఆటో ఎలక్ట్రీషియన్. మా అబ్బాకు దోస్తు. ఆయన దగ్గర ఒక షాగిర్ద్. పందొమ్మిదేండ్ల పిల్లగాడు. కొత్త చాబీకి చిప్పు ఎక్కించింది, స్కానర్ పెట్టి కారుకు మ్యాచ్ చేసింది ఆ పిల్లగాడే. ఉస్తాద్‌కు కంప్యూటర్ పని రాదు.

"వాని మీద అనుమానం ఉందా?"

ఇక్కడ నేను "లేదు" అని ఉంటె ఈ వ్యాసమే లేదు. ఒక్క నిమిషం ఊకున్న. ఆ పిల్లగాడు కారు మ్యాచ్ చేస్తుంటె "సార్, ఇల్లు యాడ?" అని అడిగింది యాదికొచ్చింది. మామూలుగ అడిగిండు. పని అయినంక బండి ఇంటికి తెచ్చిస్తనని అడిగిండు. గని ఆ నిమిషంల ఆ మాట వేరే తీరుగ వినబడ్డది. పిల్లగాని పేరు చెప్పిన. ఊరు గూడ చెప్పిన. "అనుమానం" అని నా చేత్తోనే ఫిర్యాదుల రాసిన.

ఠాణాల కూసుంటె ఒక సంగతి కనబడ్తది. అక్కడి తెలుగు సగం మన ఇంటి జబానే. ఫిర్యాదు, పంచనామా, జప్తు, జామీను, వకాల్తా, హాజరు. నిజాం పోయి ఇన్నేండ్లయినా ఠాణాల, అదాలత్‌ల ఉర్దూ పోలేదు. అందుల ఒక్క మాట మాత్రం తెలుగుల కొచ్చేసరికి తలకిందులయింది. ముద్దాయి. ఉర్దూల ముద్దయీ అంటె దావా వేసినోడు, ఫిర్యాదు చేసినోడు. ఎదుటి పక్షపోన్ని ముద్దాఅలైహ్ అంటరు. తెలుగుల ముద్దాయి అంటె నేరం మోపబడ్డోడు. ఎట్ల తారుమారయిందో గని, ఆ రోజు ఆ బల్ల ముందు కూసున్న నాకు రెండు అర్థాలూ సరిపోతయి. ఉర్దూల ముద్దయీని నేనే. తెలుగుల ముద్దాయి ఎవడో అప్పటికి నాకు తెల్వదు.

ఆ సాయంత్రం పిల్లగాన్ని దుకాణం మీదికెల్లి తీస్కపోయిండ్రు. రాత్రి ఇషా అయినంక ఉస్తాద్ మా ఇంటికొచ్చిండు. ఇంట్లకు రమ్మంటె రాలే. గడప కాడ నిలబడి అన్నడు:

"మాష్టర్‌సాబ్, బచ్చే కో లేకే గయే. ఆప్ ఏక్ బార్ జాకే బోల్ దేవ్."

ఒక్కసారి పోయి చెప్పమంటున్నడు. నేనేమన్ననో తెలుసా? "తప్పు చెయ్యకుంటె వాళ్లే విడిచిపెడ్తరు ఉస్తాద్, చట్టం ఉంది గద" అన్న.

ఉస్తాద్ ఏమనలే. నా దిక్కు కొంచెంసేపు చూసిండు. సలాం చేసి పోయిండు.

ఆయన పోయినంక నాకు నిద్ర రాలే. ఎందుకంటె ఆ మాట నాకు కొత్త గాదు. 2007 మే 18న మక్కా మస్జిద్‌ల జుమ్మా నమాజ్ కాడ బాంబు పేలింది. ఆ తర్వాత హైదరాబాద్‌ల ఎంతమంది ముస్లిం పిల్లగాళ్లను ఎత్తుకపోయి ఎన్ని రోజులు కూసోబెట్టిండ్రో, ఆఖరికి అదాలత్‌లు వాళ్లను బేకసూర్ అని విడిచిపెట్టినయో, సర్కారే కొందరికి పరిహారం కింద పైసలిచ్చిందో మీరందరూ చదివిండ్రు. నేను దాని మీద వ్యాసం గూడ రాసిన. "తప్పు చెయ్యకుంటె భయమెందుకు అనేటోల్లకు ఆ ఠాణా మెట్లు ఎక్కిన అనుభవం లేదు" అని రాసిన. ఆ వ్యాసం రాసిన చెయ్యే పొద్దుగాల ఆ పిల్లగాని పేరు రాసింది.

ఇంకొకటి గూడ ఒప్పుకోవాలె. ఆ పిల్లగాడు దూదేకులోల్ల పిల్లగాడు. వాళ్ల నాయిన ఊరూరు తిరిగి పరుపులు, బొంతలు కుడ్తడు. మేం షేకులం. ఇంట్ల ఉర్దూ మాట్లాడ్తం. వాళ్లు ఇంట్ల తెలుగు మాట్లాడ్తరు. మస్జిద్‌ల ఒకే సఫ్‌ల నిలబడ్తం గని, మాలాంటోల్ల ఇండ్లల్ల వాళ్ల మీద ఒక చిన్నచూపు ఉంటది. పైకి ఎవరూ ఒప్పుకోరు. అదే పని ఒక సయ్యద్‌సాబ్ కొడుకు చేసి ఉంటె ఆ నిమిషంల అతని పేరు నా నోట్ల నుంచి వచ్చేదా? ఎన్నిసార్లు అడుక్కున్నా జవాబు ఒక్కటే వస్తది. రాకపోవు.

రెండు రాత్రులు కూసోబెట్టి, మూడో రోజు విడిచిపెట్టిండ్రు. ఏం దొరకలే. కేసు గూడ పెట్టలే. పిల్లగాడు దుకాణానికి రాకుంట సీదా ఊరికి పోయిండు.

తొమ్మిదో రోజు ఫోనొచ్చింది. కారు జడ్చర్ల కాడ దొరికింది. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, కల్వకుర్తి మీదికెల్లి జడ్చర్ల. అక్కడ 44 నంబర్ హైవే ఎక్కితె ఒక దిక్కు హైదరాబాద్, ఇంకో దిక్కు కర్నూలు, బెంగుళూరు. టైరు పేలితె సర్వీస్ రోడ్డు మీద విడిచిపెట్టి పోయిండ్రట. కానిస్టేబుల్‌తోని కలిసి పోయిన. దారి పొడుగునా పత్తి చేన్లు. ఏరుడు నడుస్తుంది. ట్రాలీలల్ల తెల్లగ పత్తి కుప్పలు. నా కండ్ల ముందర మాత్రం దూది ఏకే వాళ్ల ఇల్లే.

కారును చూసి దిల్ ధక్కుమన్నది. డ్రైవర్ దిక్కు డోర్ తాళం గుంజి పడేసిండ్రు. స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ పలిగి వేలాడ్తుంది. చాబీ పెట్టే జాగల చాబీ బొంద లేదు, ఉత్త బొక్క ఉంది. వైర్లు బయటికొచ్చినయి. వెనక సీటు మీద అమ్మీ దిండు మాత్రం పెట్టిన జాగల పెట్టినట్లే ఉంది.

కానిస్టేబుల్ లోపలికి వంగి చూసి, "తాళం పగలగొట్టిండ్రు సార్" అన్నడు. అంతే అన్నడు. ఆ మాట అర్థం నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా తెల్వనట్లు ఊకున్న.

పంచనామా అయింది. టోయింగ్ బండి మీద నల్లగొండ ఠాణా దాక తెచ్చినం. దొరికిన కారు వెంటనే మనకియ్యరు. అది కేసుల సొత్తు. మేజిస్ట్రేటు కోర్టుల దరఖాస్తు పెట్టుకోవాలె. అప్పట్ల దొంగతనం కేసు ఐపీసీ 379 కింద, సొత్తు తాత్కాలికంగ విడిపించుకునుడు సీఆర్‌పీసీ 451 కింద ఉండేది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలొచ్చినయి, దొంగతనం ఇప్పుడు బీఎన్‌ఎస్ 303 కిందికొస్తది. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, లైసెన్స్, ఆధార్ జిరాక్సులు తీస్కొని వకీల్‌సాబ్ దగ్గరికి పోయిన. ఆయన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసు సంగతి చెప్పిండు. 2002 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. బండ్లను ఠాణాలల్ల ఏండ్లకొద్దీ తుప్పు పట్టించొద్దు, ఫోటోలు తీసుకొని, బాండు, పూచీకత్తు తీసుకొని ఓనరుకు ఇచ్చెయ్యాలె అని దాని సారాంశం. బండి పోయినోల్లకు ఇది యాదుండాలె. శానామంది కోర్టంటె భయపడి బండిని అక్కడ్నే విడిచిపెడ్తరు. మా కారు పక్కన ఠాణా ఆవరణల ఎన్ని బండ్లు ఉన్నయో! సీట్లల్ల గడ్డి మొలిచిన ఆటోలు, టైర్లు లేని ట్రాక్టర్లు. ఒక్కో బండి వెనక ఒక్కో ఖాందాన్ రోజీ.

పదకొండు రోజులకు ఆర్డర్ వచ్చింది. షోరూమ్‌కు ఫోన్ చేసి అడిగితె తాళాల సెట్టు, కంప్యూటర్ బాక్సు, వైరింగు, లేబర్ కలిపి చెప్పిన లెక్క నా తనఖా సగం. ఇన్సూరెన్స్ ఉంది గని, ఉత్త థర్డ్ పార్టీ. పాత బండికి ఎందుకులే అని పైసలు మిగిలించిన. థర్డ్ పార్టీ అంటె మన బండి ఎవరికన్నా తగిల్తె వాళ్లకు వచ్చేటివి. మన బండి పోతె, పలిగితె మనకు ఒక్క రూపాయి రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా గూడ పదేండ్లు దాటిన బండికి ఇనుప సామానుల సగం విలువ కోస్తరు, ప్లాస్టిక్, రబ్బర్ సామానుకు బండి ఎంత కొత్తదైనా సగమే ఇస్తరు. అయినా సగమన్నా వస్తది. నాకదీ లేదు.

అంటె ఇగ మిగిలింది ఉస్తాదే.

రెండు రోజులు వేరే మెకానిక్‌లను వెతికిన. నిజం చెప్తున్న, ఉస్తాద్ మొకం చూసే హిమ్మత్ లేక వెతికిన. దొరికినోల్లందరు "ఇమ్మొబిలైజర్ పని మాతోని గాదు" అన్నరు. ఆఖరికి ట్రాలీ మీద కారును ఎక్కించుకొని ఆ దుకాణం ముందరికే పోయిన.

ఉస్తాద్ చాయ్ తాగుతుండు. లేచి వచ్చి కారు చుట్టు ఒక చక్కర్ కొట్టిండు. పలిగిన డోర్ తాళం ముట్టుకొని చూసిండు. లోపల కూసొని, చాబీ ఉండే బొక్కల వేలు పెట్టిండు. బయటికొచ్చి, చేతులు తుడుచుకుంట ఒక్క మాటే అన్నడు.

"చాబీ హై తో తాలా కైకు తోడ్తా, మాష్టర్‌సాబ్?"

చాబీ ఉన్నోడు తాళం ఎందుకు పగలగొడ్తడు? ఆయన మొకంల కోపం గూడ లేదు. పిల్లలకు ఎక్కం చెప్పినట్లు చెప్పిండు. నాకు జవాబు లేదు. "మాఫ్ కరో ఉస్తాద్" అన్న. "మాఫీ మేరేకు నక్కో, జిస్‌కు హోనా ఉస్‌కు దేవ్" అన్నడు. నాకొద్దు, ఎవరికి చెప్పాల్నో వాళ్లకు చెప్పమన్నడు. చెప్పి, బ్యాటరీ టర్మినల్ ఊడదీసి పని మొదలు పెట్టిండు.

ఆ నాలుగు రోజులు సెలవు పెట్టి దుకాణంలనే కూసున్న. స్క్రూలు అందిచ్చుడు, లైటు పట్టుడు నా పని. షాగిర్ద్ లేడు గద. ఆ జాగల నేను.

స్టీరింగ్ తాళం స్టీరింగ్ కంబికి రెండు బోల్టులతోని ఉంటది. ఆ బోల్టులకు తలకాయలు ఉండయి. బిగించేటప్పుడు ఒక హద్దు దాటంగనే తలకాయ విరిగి పడిపోయేటట్లే తయారుచేస్తరట. తల లేకుంటె పానా దేనికి పట్టాలె? దొంగలు సులువుగ ఊడదీయకుండ అదొక బందోబస్తు. ఉస్తాద్ చిన్న ఛేనీ తీస్కొని బోల్టు అంచు మీద పెట్టి, సుత్తెతోని మెల్లగ కొట్టుకుంట ఎడమ దిక్కుకు తిప్పిండు. ఒక్కో బోల్టుకు అరగంట. పాత తాళం బయటికొచ్చింది. లోపల చిన్న చిన్న ఇత్తడి పత్తీలు ఒక్కోటి ఒక్కో ఎత్తుల. మన చాబీకుండే గాట్లు ఆ ఎత్తులకు సరిపోతేనే తాళం తిరుగుతది. దొంగలు ఆ పత్తీలను ఇనుప ముక్కతోని నుజ్జు నుజ్జు చేసి తిప్పిండ్రు.

"పాత అంబాసిడర్లల్ల ఇన్ని తిప్పలు లేకుండె. రెండు వైర్లు కలిపితె స్టార్ట్. ఇప్పుడు తాళం తిప్పినా స్టార్ట్ గాదు" అన్నడు ఉస్తాద్. నేను ఎందుకని అడిగిన. ఆయన చెప్పిన తీరు ఇంత మంచిగ ఏ పుస్తకంల ఉండదు.

చాబీ తలకాయల గింజంత చిప్ ఉంటది. దానికి బ్యాటరీ ఉండదు. డోర్లు తీసే రిమోట్‌కు బ్యాటరీ ఉంటది గని, ఈ చిప్‌కు అక్కర లేదు. తాళం మూతి చుట్టు గాజు లెక్క ఒక రింగు ఉంటది. అందుల సన్న రాగి తీగ చుట్టి ఉంటది. చాబీ తిప్పంగనే ఆ రింగు చిప్‌కు సలాం చేస్తది. ఆ సలాంతోనే చిప్‌కు పాణం వస్తది. వాలేకుం సలాం అని తన నంబర్ చెప్తది. ఆ నంబర్ కారు కంప్యూటర్ బాక్సుకు పోతది. బాక్సుల రాసుకున్న నంబర్‌తోని కలిస్తె పెట్రోల్ ఇడుస్తది, కరెంటు ఇడుస్తది. కలవకపోతె సెల్ఫ్ తిరుగుతనే ఉంటది, ఇంజన్ మాత్రం అందుకోదు. ఇదే ఇమ్మొబిలైజర్.

"మరి నా చాబీ ఇంట్లనే ఉంది గద. వాళ్లు ఎట్ల స్టార్ట్ చేసిండ్రు?"

ఉస్తాద్ డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి శానాసేపు వెతికిండు. రింగు పక్కన నల్ల టేపు చుట్టి ఒక చిప్ అతికిచ్చి ఉంది. మన చిప్ గాదు. కంప్యూటర్ బాక్సు ఊడదీసి చూస్తె దాని మీది లేబుల్ గూడ మన బండిది గాదు. దొంగలు వచ్చేటప్పుడే వేరే బాక్సు, దానికి జత చిప్ వెంట తెచ్చుకున్నరు. తాళం పగలగొట్టిండ్రు, మన బాక్సు పీకి వాళ్లది పెట్టిండ్రు, వాళ్ల చిప్ రింగుకు అతికిచ్చిండ్రు. రెండు ఒకదానికొకటి సలాం చేసుకున్నయి. బండి నడిచింది. మన బాక్సు ఎక్కడ పడేసిండ్రో తెల్వది.

"యే కాం బచ్చే కా నై. గ్యాంగ్ కా హై" అన్నడు ఉస్తాద్. చాబీ చేసిన పిల్లగానికి ఇంత కష్టమెందుకు? ఇంకో చాబీ చేసుకొని రాత్రి వచ్చి నవ్వుకుంట తీస్కపోతడు. ఒక్క గీత పడేది గాదు. అంటె ఆ పలిగిన తాళమే ఆ పిల్లగాని బేగునాహీకి గవాహీ. ఫిర్యాదు రాసేటప్పుడు నా ముందర కారు లేకుండె, పలిగిన తాళం లేకుండె. నిజమే. గని సబ్ర్ గూడ లేకుండె. మౌల్వీసాబ్ జుమ్మా బయాన్‌ల బద్‌గుమానీ గుణాహ్ అని ఎన్నిసార్లు చెప్పలే? ఇని ఇంటికొచ్చి బిర్యానీ తినేటోన్ని.

మా చిన్నాన్న కొడుకు చికాగోల ఉంటడు. ఫోన్ల ఈ కత చెప్తె, "అక్కడ తాళం గొడవ గూడ లేదు భాయ్" అన్నడు. అమెరికాల 2011 నుంచి 2022 దాక అమ్మిన హ్యుందయ్, కియా మోడళ్లు కొన్నిట్ల ఇమ్మొబిలైజరే పెట్టలేదు. పిల్లగాళ్లు స్టీరింగ్ కింద కవర్ పీకి, యూఎస్‌బీ కేబుల్ మొనతోని తిప్పి తీస్కపోవుడు టిక్‌టాక్ వీడియోలల్ల చూసి నేర్చుకున్నరు. ఊర్లకు ఊర్లు కార్లు పోయినయి. 2023 మేల ఆ కంపెనీలు దాదాపు 200 మిలియన్ డాలర్ల రాజీకొచ్చినయి. యూరప్‌ల 1998 నుంచి, కెనడాల 2007 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. అమెరికాల అట్లాంటి కానూన్ లేదు. ఇది ఉస్తాద్‌కు చెప్తె నవ్విండు. "ఇక్కడ ఉన్నా పోయింది, అక్కడ లేక పోయింది. దొంగకు రెండు రోట్లె దొరుకుతయి" అన్నడు.

ఇగ బాక్సు కొనాలె. సెకండ్ హ్యాండ్ల తక్కువకు దొరుకుతయి కదా అని అడిగిన. ఉస్తాద్ ఒప్పుకోలే. "బిల్లు లేని బాక్సు ఎవనో ఒకని కార్లకెల్లి పీకిందే ఉంటది. హరాం మాల్ నా దుకాణంలకు రాదు" అన్నడు. బిల్లుతోని కొన్నం. తాళాల సెట్టు గూడ కొత్తది. అమ్మీ చేతి గాజు ఒకటి బ్యాంకుల పెట్టిన.

నాలుగో రోజు అన్నీ బిగించినం. కొత్త చాబీ పెట్టి తిప్పితె సెల్ఫ్ తిరిగింది. ఇంజన్ అందుకోలే. అందుకోదని ఉస్తాద్‌కు తెలుసు. కొత్త బాక్సుకు ఇంకా చాబీ నంబర్ చెప్పలేదు. స్కానర్ పెట్టి మ్యాచ్ చెయ్యాలె. ఆ పని వచ్చింది ఒక్కడికే.

"ఇగ మీరే పోవాలె మాష్టర్‌సాబ్" అన్నడు ఉస్తాద్.

కొండమల్లేపల్లి దాటినంక వాళ్ల ఊరు. బస్సు దిగి నడిచిన. పరుపులు కుట్టేటోల్ల ఇల్లు అంటె ఒక పిల్ల చూపిచ్చింది. వాకిట్ల దూది కుప్ప. గోడకు దూది ఏకే విల్లు వేలాడ్తుంది. వాళ్ల అమ్మ బయటికొచ్చి, "ఎవరు సార్ మీరు?" అన్నది. నేను చెప్పిన. ఆమె మొకం మారింది. అయినా "కూసోండ్రి" అని మంచం వాల్చింది. ఆ మంచం మీద కూసునుడు ఠాణా బల్ల ముందర కూసునుడు కంటె కష్టమయింది.

పిల్లగాడు లోపలి నుంచి వచ్చి దర్వాజకు ఆనుకొని నిలబడ్డడు. నేను సాకులు చెప్పలే. "నేనే నీ పేరు చెప్పిన. తప్పు చేసిన. మాఫీ అడగనీకి వచ్చిన" అన్న. కారు పని సంగతి అప్పుడు ఎత్తలే. ఎత్తితె ఆ మాఫీకి విలువ ఉండదని తెలుసు.

శానాసేపు ఎవరూ మాట్లాడలే. వాళ్లమ్మే అన్నది: "పోలీసులు ఊర్లెకు వచ్చి అడిగి పోయిండ్రు సార్. గప్పటి సంది మా ఆయనను పరుపులు కుట్టనీకి ఒక్క ఇంటోల్లు ఇంట్లకు రానిస్తలేరు. ఇంట్ల సామాన్లు చూస్తడట." ఆమె ఏడ్వలే. లెక్క చెప్పినట్లు చెప్పింది.

నేను కారు గురించే ఆలోచించిన, పిల్లగాని రెండు రాత్రుల గురించే ఆలోచించిన. పరుపులు కుట్టేటోని రోజీ గురించి నాకు తట్టనే లేదు. రోజూ నలుగురి ఇండ్లల్లకు పోయి బతికేటోల్లకు ఇజ్జతే పెట్టుబడి.

ఆఖరికి పిల్లగాడు అడిగిండు: "బండికి ఏమయింది సార్?"

చెప్పిన. పలిగిన తాళం, టేపు చుట్టిన చిప్, మారిన బాక్సు. అతని కండ్లల్ల మొదటిసారి మెరుపొచ్చింది, పని తెలిసినోల్లకు వచ్చే మెరుపు. "బాక్సే మార్చిండ్రా?" అన్నడు. తర్వాత మల్ల మొకం మూసుకున్నడు. "రేపొస్త. ఉస్తాద్ కోసం వస్త" అన్నడు.

తెల్లారి వచ్చిండు. స్టీరింగ్ కింద ఉండే పోర్టుకు స్కానర్ వైరు పెట్టి, పాత కార్డు మీది నంబర్ చూసుకుంట బటన్లు నొక్కిండు. మొదటి చాబీ, రెండో చాబీ. తిప్పంగనే ఇంజన్ అందుకున్నది. ఉస్తాద్ "అల్‌హందులిల్లా" అన్నడు. పిల్లగాడు రెండు చాబీలు నా చేతుల పెట్టి, నా మొకం చూడకుంట అన్నడు: "రెండే ఉన్నయి సార్. లెక్క పెట్టుకోండి."

ఆ మాటకు నేను అర్హున్నే.

అక్కడి నుంచి సీదా ఠాణాకు పోయిన. దొంగల బాక్సు, వాళ్ల చిప్ కవర్ల పెట్టి అప్పజెప్పిన. అది ఇంకెవరి కారుదో, లేబుల్ మీది నంబర్ పట్టుకుంటె తెలుస్తది గద. దాంతోపాటు ఒక అర్జీ రాసిచ్చిన. ఫలానా పిల్లగాని మీద నేను రాసిన అనుమానం తప్పు, దానికి ఆధారం ఇది, దీన్ని ఫైల్ల పెట్టాలె అని. "అతని మీద కేసే లేదు గద, ఇదెందుకు సార్?" అని అడిగిండ్రు. "కేసు లేదు గని రెండు రాత్రులు ఉన్నయి. ముట్టినట్టు ముద్ర వేసియ్యండి" అన్న. వేసిచ్చిండ్రు. జిరాక్సులు తీయించి ఒకటి పిల్లగానికిచ్చిన. ఇంకొకటి పట్టుకొని ఆ ఊరికి పోయి సర్పంచ్ ముందర, మస్జిద్ కాడ నలుగురి ముందర చదివిన. చదువుతుంటె గొంతు వణికింది. ఒక ముసలాయన, "ఈ మాట ముందే ఆలోచించకపోతివి సారూ" అన్నడు. నిజమే గద.

దాంతోని అంతా సాఫయిందా? కాలేదు. పరుపులు కుట్టేటాయనను కొన్ని ఇండ్లకు మల్ల పిలుస్తున్నరు, కొన్ని ఇండ్లకు పిలుస్తలేరు. పలిగిన తాళానికి కొత్త సెట్టు దొరుకుతది. దీనికి దొరకదు.

పిల్లగాడు మల్ల దుకాణంలకు వచ్చిండు. ఇప్పుడు నాకు సలాం చేస్తడు. నవ్వడు. నేను నవ్వమని అడగను.

ఉస్తాద్ దుకాణంల ఒక కొత్త పద్ధతి వచ్చింది. డబల్ చాబీ కోసం ఎవరొచ్చినా ఆర్‌సీ, ఆధార్ చూసి, ఒక రిజిస్టర్ల రాస్తరు. బండి నంబర్, తారీఖు, ఎన్ని చాబీలు చేసిండ్రు, ఎన్ని అప్పజెప్పిండ్రు. కింద ఇచ్చినోని దస్తఖత్, తీసుకున్నోని దస్తఖత్. మీరు గూడ చాబీ చేయించుకుంటె ఇట్లాంటి కాయిదం అడిగి తీసుకోండి. మీ బండి కోసం గాదు, ఆ చాబీ చేసే పిల్లగాని కోసం.

ఆ రిజిస్టర్ నేను కొనిచ్చిందే. మొదటి పేజీల మొదటి దస్తఖత్ నాది.